దారం కట్టిన మిరపకాయ

కాంతమణి పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా తప్పకుండా చేసే పని ఒకటుంది. వండబోయే బియ్యం చేటలో పోసుకుని, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేస్తుంది. అది దేవుని కుండ. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళందరూ చేసే పనే. పూటకు పిడికెడు చొప్పున దాచి, ఆదివారం నాడు గుడ్డలో మూటగట్టుకుని చర్చికి తీసుకెళ్ళి, ముందున్న పెద్ద గంపలో కుమ్మరిస్తారు. గంపలో పడ్డాక ఎవరి బియ్యం ఎవరివో ఎవరూ చెప్పలేరు. అందులో కొంత పాదిరిగారి ఇంటికి, కొంత మెట్ల మీద కూర్చునే బీదాబిక్కికి.

పెళ్ళయి సికింద్రాబాదు వచ్చిన కొత్తలో ఆమె భర్త యేసుదాసు దీని మీద వేళాకోళం ఆడేవాడు.

"అందరియి కలిసిపోయినంక నీ గింజలేవో దేవునికి ఎట్ల తెలుస్తయే? ముద్ర గిట్ల ఏసినవా?"

"ఆయనకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది?" అనేది కాంతమణి. అనడమైతే అనేది గాని, ఆ మాట అరికాలిలో విరిగిన ముల్లులా లోపల ఉండిపోయింది. నడుస్తున్నంతసేపూ తెలియదు, ఎప్పుడో అడుగు గట్టిగా పడితే కలుక్కుమంటుంది.

ముద్ర లేదు గాని, ఆమె బియ్యానికి ఒక గుర్తు మాత్రం ఉండేది. పురుగు పట్టకుండా అందరూ కుండలో వేపాకు వేస్తే, ఆమె తన తల్లి పద్ధతిలో ఒక ఎండుమిరపకాయ వేసేది. తీసేటప్పుడు వెతుక్కునే పని లేకుండా తొడిమకు నల్లదారం కట్టేది. దారం కట్టి ఏం లాభం, తీయడమే మరిచిపోయేది. బియ్యంతో పాటు అదీ గంపలో పడేది.

"కాంతమణీ, ప్రభువుకు చారు సుత కాస్తున్నవా ఏంది?" అని ఆడవాళ్ళు నవ్వేవారు.

ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. మళ్ళీ ఆదివారానికి మళ్ళీ మరిచిపోయేది.

అదంతా ఎప్పటి మాటో. యేసుదాసు దండులో వంటవాడుగా ఉండి, యుద్ధమప్పుడు బర్మా వైపు వెళ్ళాడు. వెళ్ళేనాడు గుమ్మం బయట నిలబడి, ఆమె చేతిలోని వక్కపలుకు తీసుకుని బుగ్గన పెట్టుకున్నాడు. "ఎసరు ఇంకిపోతది, లోపలికి పో" అన్నాడు. ఆఖరి మాట అదే అయింది. పోయాడన్న కబురూ లేదు, వస్తాడన్న కబురూ లేదు. తర్వాత కూతురు మార్తను బెజవాడ సంబంధానికి ఇచ్చింది. ఆ పిల్లను కూడా ఆ గుమ్మం దగ్గరే సాగనంపింది. ఈమధ్య అటు రైలుబండ్లు ఆగిపోయి, కూతురు ఎలా ఉందో తెలియదు. అప్పటినుంచీ ఎవరు ఎక్కడికి వెళ్తున్నా కాంతమణి గుమ్మం దాటి బయటికి రాదు. లోపలినుంచే "పోయిరాండ్రి" అని, వెనక్కి తిరిగి ఏదో ఒక గిన్నె తోముకుంటుంది.

ఆ ఏడు భాద్రపదంలో ఇండియా ఫౌజు బండ్లు బొల్లారం వైపు రోజంతా పోయాయి. మెట్టుగూడ దగ్గర పెద్ద రోడ్డు మీద కొందరు పూలదండలు పట్టుకుని నిలబడ్డారట. కాంతమణి ఉండే గల్లీలో మాత్రం తలుపులన్నీ మూసుకున్నాయి. తర్వాత్తర్వాత దానికి పోలీసు యాక్షన్ అన్న పేరు వచ్చింది గాని, అప్పటికి ఆ గల్లీలో దానికి పేరే లేదు. బయట బూట్ల చప్పుడు వినిపిస్తే దీపం తగ్గించుకోవడం, అంతే.

ఆమె గోడ అవతలి ఇల్లు జాన్ బీది. జాన్ బీకి అరవై దాటాయి, కళ్ళకు పొరలు కమ్మాయి. కోడలు షంషున్నీసా, కొడుకు మౌలా అలీ, ఇంట్లో వాళ్ళు ముగ్గురే. మౌలా అలీ నైజాం ఫౌజులో బ్యాండు వాయించేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో సెలవు పెట్టి బయట కూడా వాయించేవాడు. అతను పొద్దున్నే సాధన చేస్తుంటే గల్లీలో కుక్కలు గొంతు కలిపేవి. ఫౌజు లొంగిపోయిందన్న నాటినుంచి అతను ఇంటికి రాలేదు. పట్టుకున్నవాళ్ళను ఎక్కడో డేరాల్లో పెట్టారని ఒకరు, లేదు పారిపోయారని ఒకరు.

రెండిళ్ళకూ మధ్య గోడలో ఒక రాయి ఊడిపోయి కన్నం ఏర్పడింది. దాన్ని ఎవరూ పూడ్చలేదు, ఎందుకంటే పొద్దున్నే నిప్పు ఇచ్చిపుచ్చుకునేది అందులోంచే. ఏ పొయ్యి ముందు రాజుకుంటే ఆ ఇంటినుంచి పెంకు మీద రెండు నిప్పుకణికలు అవతలికి పోయేవి. చాలావరకు కాంతమణి పొయ్యే ముందు రాజుకునేది. "చిన్నమ్మా, నిప్పు!" అన్న షంషున్నీసా గొంతుతోనే ఆమెకు తెల్లవారేది.

కర్ఫ్యూ కాస్త సడలించిన ఒక పూట సంఘపెద్ద దేవానందం గల్లీలోకి వచ్చాడు. చర్చి తాళంచెవి అతని దగ్గరే ఉంది. పాదిరిగారు గడబిడ మొదలవ్వకముందే మెదక్ వైపు వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. కాంతమణి ఆత్రంగా గుమ్మం దాకా వచ్చింది.

"అన్నా, దేవుని కుండ నిండిపోయింది. ఎప్పుడు తేవాలె?"

దేవానందం నెత్తి గోక్కున్నాడు. మంచివాడే గాని ఆ రోజుల్లో అందరిలాగే అలిసిపోయి ఉన్నాడు. "ఏడికి తెస్తవు కాంతమణీ? అయ్యగారు లేరు, ఆరాధన లేదు. గంప సుత ఎలుకలు కొట్టినయ్. నువ్వే వండుకొని తినరాదు?"

"దేవునియి కదన్నా!"

"అయితేంది? ఈ పరేషాన్ల ఎవరడుగుతరు నిన్ను? ఎవ్వరడుగరు" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు పాపం. అని, పహారా వాళ్ళు వచ్చేలోపు ఇల్లు చేరాలని గబగబా వెళ్ళిపోయాడు.

కాంతమణి లోపలికి వచ్చి కుండ ముందు కూర్చుంది. ఎవరూ అడగరు. యేసుదాసు పెట్టిన ముల్లు మళ్ళీ కలుక్కుమంది. ఆయన వేళాకోళానికి అన్నాడు. దేవానందం నిజంగా అన్నాడు. ఇన్నేళ్ళుగా పూట పూటకూ తీసిన పిడికెళ్ళు. తనకు చాలని రోజు కూడా తీసిన పిడికెళ్ళు. వాటిని చూసిన యేసుదాసు లేడు. నవ్విన ఆడవాళ్ళలో సగం మంది మట్టిలో కలిశారు. తను కూడా పోతే, ఈ పిడికెడు సంగతి ఎవరికి తెలుస్తుంది? అడిగేవాడే లేనప్పుడు ఇదంతా ఎవరి కోసం?

ఆ సాయంత్రం చేటలో బియ్యం పోసుకుంది. ఆమె పని చేసే ఆసుపత్రి మూతపడి, రేషను ఇచ్చే కంట్రోలు దుకాణం తెరవక, బియ్యం డబ్బా అడుగంటింది. పిడికెడు తీసింది. కుండ మీద చేయి అలాగే ఉంచి చాలాసేపు కూర్చుంది. గింజలు రెండు మూడు వేళ్ళ సందుల్లోంచి తిరిగి చేటలోకి జారాయి. చివరికి చేయి తెరిచింది గాని, అది మనసుతో తెరిచిన చేయి కాదు, అలవాటుతో తెరిచిన చేయి. రేపు వేస్తానో లేదో అనుకుంది. అలా అనుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

మరునాడు పొద్దున్న నిప్పు కోసం పిలుపు రాలేదు.

వాళ్ళదే ముందు రాజుకుందేమో అనుకుంది. గోడ మీద పొగ లేదు. ఆ మరునాడు కూడా పిలుపు లేదు, పొగ లేదు. కాంతమణి పెంకు మీద నిప్పు వేసి తనే కన్నం దగ్గరికి తీసుకెళ్ళింది.

"షంషూ, నిప్పు తీస్కో బిడ్డా."

అవతల గాజుల చప్పుడైంది. "ఒద్దు చిన్నమ్మా. పొయ్యి అంటిచ్చినం."

"పొగ కానస్తలేదు?"

"కట్టెలు బాగ ఎండినయ్. పొగ రాదు."

ఆ ఏడు వానలకు గల్లీలో ఎండిన కట్టె అన్నదే లేదు. కాంతమణి పెంకు పట్టుకుని వెనక్కి వచ్చింది. కణికలు బూడిద పట్టేదాకా పొయ్యి ముందే కూర్చుంది. ఒక పక్క తన డబ్బాలో రెండు పూటల బియ్యం, ఇంకో పక్క నిండుకుండ. దేవుని సొమ్ము ముట్టుకున్న ఇల్లు నిలవదని పాదిరిగారు ఎన్నిసార్లు చెప్పలేదు! తను తినలేదు సరే. తన చేత్తో ఇంకొకరికి ఇచ్చే అధికారం మాత్రం ఎవరిచ్చారు? గంపలో పడితే అది దేవుని చేతిలో పడినట్టు. గంపే లేదే. దేవుడి చేయి ఎక్కడుందని వెతకాలి?

వెతుకుతూ వెతుకుతూ ఆ గోడ కన్నం వైపు చూసింది.

కాని షంషున్నీసా పుచ్చుకోదు. ఆకలితో పడి ఉంటుంది గాని చేయి చాచదు. కాంతమణి కాసేపు ఆలోచించి, కుండ తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళింది.

"జాన్ బీ అక్కా! జర తక్లీఫ్ తీస్కోవాలె. ఈ బియ్యంల పురుగు పడ్డట్టుంది. నా కండ్లకు ఆనుతలేదు. ఏరి పెడ్తవా?"

అవతల ముసలామె గొంతు పలికింది. "నా కండ్లకు నువ్వే ఆనుతలేవు, పురుగు ఆనుతదానే?"

"నీ వేళ్ళకు కండ్లున్నయని గల్లీల ఎవరిని అడిగినా చెప్తరు."

అది నిజమే. పెళ్ళిళ్ళకు బియ్యం ఏరడానికి జాన్ బీని పిలుచుకుపోయేవాళ్ళు. వేళ్ళతోనే రాయి, మట్టిగడ్డ, వడ్లగింజ వేరు చేసేది. ముసలామె పురుగు కథ ఎంతవరకు నమ్మిందో తెలియదు.

"షంషూ, కొంగు పట్టు" అంది.

కుండ ఆ కన్నంలో పట్టదు. కాంతమణి పిడికిలితో తీసి, చేయి అవతలికి చాపి తెరిచింది. మళ్ళీ తీసింది, మళ్ళీ తెరిచింది. ఇన్నాళ్ళూ పిడికెడు పిడికెడుగా వచ్చిన బియ్యం పిడికెడు పిడికెడుగానే పోయాయి. చేయి అటు తెరిచిన ప్రతిసారీ "తండ్రీ, తప్పయితే నాదే, వాళ్ళది కాదు" అని గొణుక్కుంది.

"ఏరిన కూలి కింద మీ ఇంట్ల వండుకోవాలె అక్కా. ఊకె ఏరిపిచ్చుకుంటనా?" అంది కుండ బోర్లించి.

అవతల చేటలో బియ్యం గలగలమన్నాయి. కాంతమణి ఇటువైపు గోడకు వీపు ఆనించి కూర్చుంది. కొంతసేపటికి గలగల ఆగిపోయింది. ఎంతకీ మళ్ళీ మొదలు కాలేదు.

"చెల్లే" అంది జాన్ బీ. "గీ మిరపకాయకు దారం ఎవరు కట్టిండ్రు?"

కాంతమణి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, మళ్ల మరిచిన! పురుగు పట్టకుండ నేనే ఏస్త. పారెయ్యి అక్కా."

"నువ్వే కడ్తవా? ఎప్పటిసంది?"

"మా అమ్మ కాలం నుంచి మా ఇంట్ల అదే అలవాటు. పెండ్లయి ఈడికి వచ్చినప్పటిసంది దేవుని కుండల ఏస్తనే ఉన్న, తియ్యనీకి మరుస్తనే ఉన్న. మా చర్చిల నన్ను నవ్వని ఆడిది లేదు."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. "ఊరంతా జ్వరాలు పడ్డ ఏడు యాదికుందా నీకు? పాత యుద్ధం ఆగిన ఏడు."

"ఉంది. అప్పుడే కొత్తగ కాపురానికి వచ్చిన."

"మా ఆయనను పొద్దుగాల మట్టిల పెట్టి వచ్చిండ్రు. మాపటికి పోరడు నిప్పు లెక్క కాలిపోతుండు. ఇంట్ల గింజ లేదు. చర్చి మెట్ల మీద బియ్యం పంచుతుండ్రంటే పోయి కొంగు పట్టిన. గప్పుడు నాకు కండ్లు మంచిగుండె. ఇంటికొచ్చి ఏరుతుంటే అందుల మిరపకాయ ఎల్లింది. తొడిమెకు నల్లదారం. ముడి గిట్లనే, రెండు సుట్లు సుట్టి." ముసలామె వేళ్ళతో ఆ ముడిని తడుముతోందని కాంతమణికి చూడకుండానే తెలిసింది. "నేనేమనుకున్ననో తెల్సా? ఎవరో పుణ్యాత్మురాలు, గీ బియ్యం దొరికిన ఇంట్ల పోరగాండ్లకు దిష్టి తాకొద్దని, దువా చదివి కట్టింది అనుకున్న. గంజి కాసి తాపిన. మిరపకాయను తాయెత్తు లెక్క పోరని జబ్బకు కట్టిన. తెల్లారెవరకు చెమట పట్టి జ్వరం దిగింది."

"మౌలా అలీకా?"

"ఇంకెవరికే? ఒక్కడే గద నాకు. ఆ దారం చీకిపోయేదాక ఇప్పలే. గా తావీదు కట్టిన చేయి ఎవరిదో ఎన్నడన్న సూడాలె అని ఎన్ని నమాజులల్ల అడిగిన్నో! గోడకు ఇవతల నేను, అవతల నువ్వు. ఇన్నేండ్లు నిప్పు అడుక్కున్నం, ఉప్పు అడుక్కున్నం. గీ ముచ్చట మాత్రం ఎన్నడు రాలే."

అన్యాయంగా గొప్ప మూటగట్టుకుంటున్నట్టు కాంతమణికి భయమేసింది. "అక్కా, నిజం చెప్త. నేను దువా చదవలే, ఏం చదవలే. అది తావీదు కాదు. పురుగుల కోసం ఏసిన, తియ్యనీకి మరిచిన. అంతే."

జాన్ బీ నవ్వడం మొదలుపెట్టింది. "యా అల్లా! పురుగుల మందునా నేను ముద్దు పెట్టుకొని కండ్లకద్దుకున్నది!" షంషున్నీసా కూడా నవ్వింది. ఆ గల్లీలో ఎన్నాళ్ళుగానో నవ్వు లేదు. కాంతమణి కూడా నోటికి కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. అవతల కూడా నవ్వు ఏడుపుగా మారింది.

"వాడొస్తడా చెల్లే?" అంది జాన్ బీ.

"నాకు తెల్వదక్కా" అంది కాంతమణి. తనకు తెలియని దాన్ని తెలుసనడం ఆమెకు రాదు. కాసేపటికి పెంకు మీద నిప్పు తెచ్చి కన్నంలో పెట్టింది. ఈసారి షంషున్నీసా తీసుకుంది.

గోడ అవతల పొగ లేచాక కాంతమణి ఆ ఏడాదిని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఆకలి గుర్తుంది. యేసుదాసు జ్వరంతో మూలిగింది గుర్తుంది. ఏ ఆదివారం, ఏ బియ్యం, ఏ దారం, ఒక్కటీ గుర్తు లేదు. వేసిన చేతికే గుర్తు లేదు. మరి ఇన్నేళ్ళు ఈ సంగతి ఎవరు పట్టుకుని ఉన్నారు? ఆమె పైకి చూడలేదు, ప్రార్థన చేయలేదు. ఖాళీ కుండను దగ్గరికి లాక్కుని దాని అంచు మీద చేయి వేసి కూర్చుంది. ఎవరో పక్కన వచ్చి కూర్చున్నట్టు కాస్త జరిగింది కూడా.

దసరా దాటాక మౌలా అలీ వచ్చాడు. గడ్డం పెరిగి, కాళ్ళకు చెప్పులైనా లేకుండా, అడుగడుగూ వెనక్కి చూసుకుంటూ వచ్చాడు. నౌకరీ పోయింది, బాజా పోయింది. ఇంట్లో నాలుగు రోజులు పడుకున్నాడు. తర్వాత బొంబాయిలో బావమరిది ఉన్నాడని, అక్కడికి పోదామని అనుకున్నారు. అక్కడినుంచి ఎక్కడికో వాళ్ళు చెప్పలేదు, కాంతమణి అడగలేదు.

బయలుదేరే పొద్దున జాన్ బీ ఆఖరిసారి కన్నం దగ్గరికి వచ్చింది.

"చెల్లే, ఒక మిరపకాయ కట్టియ్యి. నీ చేత్తోనే."

కాంతమణి తడబడింది. తావీదులు, తాయెత్తులు కట్టరాదని వాళ్ళ సంఘంలో కట్టుబాటు. దేవానందానికి తెలిస్తే ఏమంటాడో! "అక్కా, అండ్ల మహిమ ఏం లేదు. చెప్పిన గద, అది పురుగు పట్టకుండ ఏసేదే."

"నేను సుత గదే అడుగుతున్న. నా కొడుక్కు పురుగు పట్టొద్దు."

కాంతమణి మంచి కాయ ఒకటి ఏరి, నల్లదారం రెండు చుట్లు చుట్టి ముడి వేసింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ చదవని ప్రార్థన ఈసారి ముడి వేస్తూ చదివింది. కన్నంలోంచి చేయి చాపితే జాన్ బీ ఆ చేతిని వెంటనే వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది.

గల్లీ మొగలో టాంగా వచ్చి ఆగింది. కాంతమణి అలవాటుగా గుమ్మం లోపలే నిలబడి "పోయిరాండ్రి" అంది. తోమడానికి గిన్నె కోసం వెనక్కి తిరిగింది. మళ్ళీ ఏమనిపించిందో, గడప దాటి, గల్లీ దాటి, టాంగా దాకా నడిచింది. బురఖాలోంచి షంషున్నీసా "చిన్నమ్మా, ఎసరు పెట్టి వచ్చినవా? ఇంకిపోతది, పో" అంది. కాంతమణి మాత్రం వెళ్ళలేదు. టాంగా స్టేషను రోడ్డు మలుపు తిరిగి, గుర్రం గంటల చప్పుడు కూడా పోయేదాకా నిలబడింది. వాళ్ళు మళ్ళీ కనిపించలేదు. కబురు కూడా రాలేదు.

ఆ ఆదివారం చర్చి తెరిచారు. కొత్త గంప పెట్టారు. కాంతమణి తన చిన్న మూట విప్పి కుమ్మరించింది. బియ్యం మీద ఎర్రగా మిరపకాయ తేలింది.

"ఇంకా మర్వలేదా మరుపు?" అంది పక్కనున్న ఆమె.

"ఈసారి మర్వలే. ఉండనియ్యి" అంది కాంతమణి. వెనకావిడ బియ్యం పోయగానే మిరపకాయ మునిగిపోయింది.

సోమవారం పొద్దున పొయ్యి రాజేసి, చేతి అలవాటున రెండు కణికలు పెంకు మీద వేసుకుని గోడ దాకా వెళ్ళింది. అవతల చీకటి. ఖాళీ ఇంటి వాసన. కాసేపు నిలబడి, పెంకు వెనక్కి తెచ్చి నిప్పును మళ్ళీ పొయ్యిలోనే వేసింది. ఎసరు పెట్టింది. చేటలో బియ్యం పోసుకుని ఒక పిడికెడు తీసింది. కుండ మీద చేయి తెరిచింది. ఒక్క గింజ కూడా చేటలోకి జారలేదు.